ఆకాశానికి కీ ఇచ్చిన జాన్సెన్



క్రిస్మసు నడిరాత్రి పూజ ముగించుకుని గుడి బయటకు వచ్చినప్పుడు ఎప్పుడైనా తల ఎత్తి చూశారా? కొలకలూరు వంటి ఊళ్ళలో, తెనాలి దీపాల వెలుగు అంతగా అందని పొలాల వైపు, ఆ చలిరాత్రి ఆకాశం ఇప్పటికీ చూడదగినట్టే ఉంటుంది. మీ ఇంట్లో కుర్రవాడెవరైనా కెమెరా కొనుక్కుని ఉంటే ఆ ఆకాశాన్ని ఫోటో తీయాలని వాడికి తప్పక అనిపించి ఉంటుంది. మొదటి రాత్రే రెండు చిక్కులు ఎదురవుతాయి. కెమెరా కన్ను తెరిచి అయిదు నిమిషాలు ఉంచితే చుక్కలు చుక్కలుగా పడవు, గీతలుగా సాగిపోతాయి. రెండోది, రెండు మూడు గంటలు గడిచేసరికి బ్యాటరీ అయిపోతుంది. పైగా మన డెల్టాలో మంచు. కెమెరా అద్దం మీద తేమ పట్టకుండా దాని చుట్టూ వేడినిచ్చే పట్టీ కట్టాలి. ఆ పట్టీకీ కరెంటే కావాలి. అందుకే ఈ పనిలో దిగినవారు బ్యాటరీ ఆకారంలో ఉన్న ఖాళీ డబ్బా ఒకటి కెమెరాలో దూర్చి, దాని నుండి తీగ లాగి, కింద కారు బ్యాటరీ వంటి పెద్ద బ్యాటరీకి తగిలించుకుంటారు. తెల్లవార్లూ కెమెరాకు మేత వేయడమంటే ఇదే.

కరెంటు లేని రోజుల్లో ఈ మేత ఎక్కడి నుండి వచ్చేదో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఒకాయన 1868లో మన గుంటూరుకు వచ్చి కొన్ని వారాలు ఉన్నారు. ఆయన పేరు జూల్స్ జాన్సెన్. ఫ్రాన్సు దేశస్థుడు. హీలియం వాయువు పేరు చెప్పినప్పుడల్లా బడిపిల్లలు ఆయన పేరు కూడా చదువుతారు. ఆయనను పునీతుల వరుసలో నిలబెట్టాలని నేను ఈ వారం రాయడం లేదు. బలహీనమైన శరీరం ఉన్న మనిషి అలసిపోని బలాన్ని ఎక్కడెక్కడ వెతుక్కున్నాడో చెప్పాలనిపించింది, అంతే.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టారు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో దాది చేతిలో జరిగిన ప్రమాదం వల్ల ఒక కాలు దెబ్బతింది. ఆ కుంటుతనం చనిపోయేవరకూ ఆయనను విడవలేదు. దానివల్ల తోటి పిల్లల్లా బడికి వెళ్ళలేకపోయారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది రావడంతో చిన్నవయసులోనే బ్యాంకులో గుమాస్తాగా కుదిరి, కొన్నేళ్ళు అంకెలు వేసుకుంటూ గడిపారు. చదువు సాగించుకుంటూ గణితంలో పట్టా పుచ్చుకునేసరికి వయసు 28. డాక్టరు పట్టా 1860లో, 36వ ఏట వచ్చింది. నడుమ 1857లో భూమి అయస్కాంత రేఖలను కొలవడానికి దక్షిణ అమెరికాలోని పెరూ వెళ్ళి, జబ్బుపడి, ప్రాణాలు దక్కించుకుని తిరిగివచ్చారు. ఇటువంటి శరీరం ఉన్నవాడు ఇంటిపట్టున ఉంటాడనుకుంటాం. ఆయన మాత్రం ఆ తరువాత ముసలితనం వరకూ సముద్రాలు దాటుతూ, కొండలు ఎక్కుతూనే ఉన్నారు.

1860ల ఆరంభంలో ఆయన రోముకు వెళ్ళారు. అక్కడ యేసుసభ గురువైన ఫాదర్ ఆంజెలో సెక్కి పేరుమోసిన ఖగోళ పండితుడు. కాంతిని విడదీసి నక్షత్రాలను తరగతులుగా విభజించినవారిలో ఆయన మొదటివాడు. అంతేకాదు, 1860 జూలై 18న స్పెయిన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫాదర్ సెక్కి ఒకచోట, వారెన్ డి లా రూ అనే ఆంగ్లేయుడు మరొకచోట ఫోటోలు తీశారు. గ్రహణ సమయంలో చంద్రుని అంచున ఎర్రగా కనిపించే జ్వాలలు సూర్యుడివా, చంద్రుడివా, మన కంటి భ్రమా అన్న తగవు అప్పటికి చాలాకాలంగా నడుస్తోంది. రెండు చోట్ల తీసిన పలకలను పక్కపక్కన పెట్టి చూసేసరికి అవి సూర్యుడివేనని తేలిపోయింది. ఫోటో అంటే కేవలం జ్ఞాపకం కాదు, సాక్ష్యం కూడా అని లోకానికి తెలిసింది. జాన్సెన్‌కు రోములో ఫాదర్ సెక్కితో పరిచయం కలిగింది. ఇద్దరి మధ్య తరువాత వాదోపవాదాలూ నడిచాయి. పండితుల స్నేహాలు అలాగే ఉంటాయి.

ఇక మన గుంటూరు సంగతి. 1868 ఆగస్టు 18న పట్టిన గ్రహణపు నీడ పడమటి తీరం నుండి దేశానికి అడ్డంగా వచ్చి, గుంటూరు మీదుగా మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దిగింది. ఆ దారిలోనే కొలకలూరు కూడా ఉంది. అప్పటికి గుంటూరుకు రైలు లేదు. గుంటూరు మేత్రాసనం ఏర్పడటానికి ఇంకా 72 ఏళ్ళు ఉన్నాయి. కృష్ణ ఆనకట్ట కట్టి 13 ఏళ్ళయింది. ఉదయం తొమ్మిది గంటల వేళ, పొలాల్లో మనుషులు పని చేసుకుంటుండగా అయిదు నిమిషాలకు పైగా చీకటి కమ్మిందంటే ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట బస చేసి అక్కడే పరికరాలు అమర్చుకున్నారు. అదే ఊళ్ళో మేజర్ టెనాంట్ అనే ఆంగ్లేయ అధికారి మరో బృందంతో ఉన్నారు. ఫోటోలు తీసే భారం ఆ బృందానిది. ఆనాటి ఫోటో అంటే ఏమిటో కాస్త చెప్పాలి. గాజు పలక మీద జిగురు మందు పూసి, వెండి ద్రావకంలో ముంచి, తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, తడిగా ఉండగానే బయటకు తీసి కడగాలి. ఆరిపోతే ఆ పలక పనికిరాదు. ఆగస్టు నెల గుంటూరు ఎండలో తడి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే ఆ రోజుల్లో గంటసేపు కెమెరా కన్ను తెరిచి ఉంచడం అనే మాటే లేదు. పలుచటి మబ్బు అడ్డుపడినా టెనాంట్ బృందం కొన్ని పలకలు సాధించగలిగింది.

జాన్సెన్ కెమెరా పట్టుకోలేదు. కాంతిని ఇంద్రధనుస్సులా విడదీసే వర్ణపట దర్శినితో సూర్యుని అంచున జ్వాలలను చూశారు. అవి హైడ్రోజన్ వాయువు వెలుగుతో మండుతున్నాయని కనిపెట్టారు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు అప్పుడే తట్టింది. కిటుకు ఇది. ఆకాశపు వెలుగు అన్ని రంగులదీ. దాన్ని బాగా పరిస్తే, గోరంత వెన్న పెద్ద రొట్టె మీద రాసినట్టు పలచబడుతుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు రంగులదే కాబట్టి ఎంత పరిచినా సన్నని గీతగా ఉండిపోతుంది. మర్నాడు పొద్దున్నే, గ్రహణం ఏమీ లేని మామూలు సూర్యుని అంచున ఆ గీతలు మళ్ళీ కనిపించాయి. అయిదు నిమిషాల చీకటి కోసం సముద్రం దాటివచ్చిన మనిషికి ఇక ప్రతిరోజూ గ్రహణమే. సెప్టెంబరు మొదటి రోజుల వరకూ గుంటూరులో ఉండి వాటినే చూశారు.

ఈ సంగతి ఆయన పారిస్ పండిత సభకు కాకినాడ నుండి ఉత్తరం రాశారు. తేదీ సెప్టెంబరు 19. అది పారిస్ చేరేసరికి అక్టోబరు చివరివారం. సరిగ్గా అదే వేళకు ఇంగ్లండు నుండి నార్మన్ లాకియర్ అనే పండితుడు కూడా గ్రహణం లేకుండానే జ్వాలలను చూశానని వర్తమానం పంపారు. రెండూ ఒకే సభలో, కొద్ది నిమిషాల తేడాతో విన్నారట. గొప్ప నీదా నాదా అన్న తగవు లేకుండా, ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే పక్కన ముద్రించిన పతకం వేయించింది.

ఇక్కడ ఒక్కమాట. హీలియం గుంటూరులో పుట్టిందని మనవాళ్ళు సగర్వంగా చెప్పుకుంటారు. సంతోషమే. కాని నిజాన్ని నిజంగా చెప్పుకోవాలి. సూర్యుని వెలుగులో ఆ పసుపు గీతను ఆ గ్రహణంలో పలువురు చూశారు. అది సోడియం గీత కాదు, వేరే చోట ఉందని తేల్చింది లాకియర్. భూమి మీద ఆ వాయువును 1895లో రామ్సే పట్టుకున్నాడు. జాన్సెన్ మన ఊళ్ళో చేసినది వేరు. అది చిన్నది కాదు. లేని గొప్ప అంటగడితే ఉన్న గొప్ప మరుగున పడుతుంది.

రెండేళ్ళకు, 1870లో, మరో గ్రహణం. ఈసారి అల్జీరియాలోని ఓరాన్ దగ్గర. అప్పుడు పారిస్ నగరాన్ని ప్రష్యా సైన్యం చుట్టుముట్టి ఉంది. శత్రువుల అనుమతితో బయటపడే వీలు కల్పిస్తామని ఇంగ్లండులోని మిత్రులు కబురు చేశారు. జాన్సెన్ ఒప్పుకోలేదు. డిసెంబరు 2 తెల్లవారుజామున పరికరాలను మూటలు కట్టుకుని, ఒక నావికుణ్ణి తోడు పెట్టుకుని, వోల్టా అనే బెలూనులో శత్రుసేనల మీదుగా ఎగిరిపోయి, సముద్రం ఇంకా కొద్ది దూరంలో ఉందనగా నేలకు దిగారు. అంత సాహసం చేసి ఓరాన్ చేరితే, డిసెంబరు 22న గ్రహణ సమయానికి మబ్బులు కమ్మేశాయి. ఏమీ కనిపించలేదు. మరుసటి ఏడు డిసెంబరు 12న మళ్ళీ మన దేశానికే, నీలగిరి కొండల్లోకి వచ్చి గ్రహణం చూసేవరకు ఆ మనసు ఊరుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యుని ముఖం మీదుగా దాటింది. శుక్రుని చుక్క సూర్యుని అంచును తాకే క్షణాన్ని లోకంలో వేర్వేరు చోట్ల నుండి కచ్చితంగా గుర్తిస్తే సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్క కట్టవచ్చు. కాని పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషులే ఆ క్షణాన్ని వేర్వేరుగా చెబుతారు. ఒకరి కన్ను ముందు, మరొకరి చెయ్యి వెనుక. మనిషి చెయ్యి నమ్మదగినది కాదని జాన్సెన్‌కు తెలుసు. అందుకని రివాల్వరు లాంటి కెమెరా ఒకటి చేయించారు. తుపాకిలో తూటాల గది తిరిగినట్టు ఇందులో గుండ్రని పలక తిరుగుతుంది. ఒక బొమ్మ పడగానే పలక ఒక మెట్టు జరిగి ఆగుతుంది, మళ్ళీ బొమ్మ, మళ్ళీ జరుగుడు. 72 సెకండ్లలో 48 బొమ్మలు. దాన్ని తిప్పేది మనిషి కాదు, గడియారంలోని కీ వంటి యంత్రం. మీ తాతగారి గోడగడియారానికి ఆదివారం పూట కీ ఇవ్వడం చూసినవారికి ఇది బాగా అర్థమవుతుంది. చుట్టిన స్ప్రింగు విప్పుకుంటూ మనం పెట్టిన బలాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తుంది. కెమెరాకు జాన్సెన్ కట్టిన బ్యాటరీ అదే.

జపాన్‌లోని నాగసాకిలో ఆయన ఆ యంత్రాన్ని వాడారు. భార్య ఆన్రియెట్ కూడా ఆ ప్రయాణంలో వెంట ఉన్నారు. దారిలో హాంకాంగ్ దగ్గర తుఫానుకు చిక్కారు. ఇంత చేసినా, ఆ ఏడు అన్ని దేశాలవారూ తీసిన ఫోటోల వల్ల సూర్యుని దూరం ఆశించినంత కచ్చితంగా తేలలేదు. యంత్రం చెడిపోలేదు, దాన్ని నడిపినవాడు తప్పు చేయలేదు. ఆకాశం అంచులు అంత స్పష్టంగా ఉండవు, అంతే. అయినా బొమ్మ వెంట బొమ్మ తీసే ఆ పద్ధతి ఊరికే పోలేదు. దాని సంగతి చివర చెబుతాను.

ఇది పగటి మాట. రాత్రి ఆకాశానికి మరో రకం బలం కావాలి. నక్షత్రాల వెలుగు చాలా తక్కువ. అది పలక మీద చేరాలంటే చాలాసేపు కాచుకోవాలి. ఆ కాసేపట్లో భూమి తిరుగుతూ ఉంటుంది. గంటకు 15 డిగ్రీలు. చందమామ వెడల్పు అర డిగ్రీ అనుకుంటే, రెండే నిమిషాల్లో ఆకాశం ఒక చందమామ వెడల్పు జరిగిపోతుంది. అరగంటలో పదిహేను చందమామలు. మీ ఇంటి కుర్రవాడి ఫోటోలో చుక్కలు గీతలైనది అందుకే. గీతలు కాకుండా ఉండాలంటే దుర్భిణిని, దానికి కట్టిన కెమెరాను, ఆకాశంతోపాటు సరిగ్గా అంతే వేగంతో, ఒక్క కుదుపు లేకుండా తిప్పుతూ ఉండాలి.

ఆ తిప్పే బలం ఆ రోజుల్లో బరువు నుండి వచ్చేది. బావి గిలక మీద చేద జారినట్టు, తాడుకు కట్టిన ఇనుప గుండు మెల్లగా కిందికి దిగుతుంది. ఆ దిగుడు పళ్ళచక్రాలను తిప్పుతుంది, చక్రాలు దుర్భిణిని తిప్పుతాయి. టిక్కు టిక్కుమనే గడియారం దీనికి పనికిరాదు, ప్రతి టిక్కుకూ చుక్క ఉలిక్కిపడుతుంది. అందుకని గిరగిర తిరిగే రెండు గుండ్లు పెడతారు. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని రాపిడి కలిగించి వేగాన్ని తగ్గిస్తాయి, తగ్గితే ముడుచుకుంటాయి. ఇటువంటి గడియార యంత్రాన్ని ఫ్రౌన్‌హోఫర్ అనే జర్మను అద్దాల పనివాడు డోర్పాట్ దుర్భిణికి అమర్చినది జాన్సెన్ పుట్టిన 1824లోనే. బరువు కిందికి చేరాక మళ్ళీ పైకి చుట్టాలి. అంతేకాదు, యంత్రాన్ని నమ్మి నిద్రపోవడానికి వీల్లేదు. చిన్న దుర్భిణి ఒకటి పక్కన కట్టి, దానిలోని సన్నని గీతల కూడలిలో ఒక చుక్కను నిలిపి, అది ఏమాత్రం జారినా మరతో సర్దుతూ ఉండాలి. కన్ను ఆర్పకుండా, మెడ పట్టేసినా కదలకుండా. నిర్గమకాండంలో అమాలేకీయులతో యుద్ధం జరిగినప్పుడు మోషే చేతులు బరువెక్కిపోతే అహరోను, హూరు ఆయనను రాతి మీద కూర్చోబెట్టి రెండు పక్కలా చేతులు ఎత్తి పట్టుకున్న ఘట్టం మీకు తెలుసు. వాళ్ళు పొద్దు గూకేవరకు పట్టుకున్నారు. ఇక్కడ పొద్దు గూకాకే పని మొదలవుతుంది.

తడి పలకలతో ఇది సాగేది కాదని ముందే చెప్పాను. 1870లలో పొడి పలకలు వచ్చాయి. ముందుగా తయారుచేసి దాచుకోవచ్చు, ఎంతసేపు వెలుగులో ఉంచినా ఆరిపోయే భయం లేదు. ఈలోగా జాన్సెన్‌కు పారిస్ దగ్గర మ్యూడోన్‌లో వేధశాల నెలకొల్పే అవకాశం వచ్చింది. యుద్ధంలో కాలిపోయిన పాత రాజభవనం మిగులునే ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. 1876 నుండి అక్కడ సూర్యుణ్ణి ఫోటోలు తీశారు. సూర్యుని ఒంటిమీద బియ్యపు గింజల్లా కనిపించే మచ్చలను అంత స్పష్టంగా అంతకు ముందెవరూ చూపలేదు. దాదాపు మూడు దశాబ్దాలలో తీసిన 6000 పైచిలుకు ఫోటోల సారాన్ని ముసలితనంలో పెద్ద చిత్రాల పుస్తకంగా తెచ్చారు.

1881 వేసవిలో పెద్ద తోకచుక్క ఒకటి కనిపించింది. జూన్ 30 రాత్రి మ్యూడోన్‌లో అర మీటరు అద్దం ఉన్న దుర్భిణిని దానికి గురిపెట్టి, పొడి పలక పెట్టి, అరగంటసేపు కన్ను తెరిచి ఉంచారు. అరగంట అంటే మనకు పెద్ద సమయం కాదు. ఆ రోజుల్లో అది సాహసమే. తోకచుక్క నక్షత్రాలతోపాటు కదలదు, దానికి వేరే నడక ఉంది. కనుక గడియారం ఒకటి చెబితే తోకచుక్క మరొకటి చేస్తుంది, నడుమ మనిషి సర్దాలి. ఆ అరగంట చివర పలక మీద తోక పోగులు పోగులుగా వచ్చింది. తోకచుక్క తోకను ఇంత వివరంగా చూపిన మొదటి ఫోటోలలో ఇది ఒకటి. అమెరికాలో హెన్రీ డ్రేపర్ కూడా అదే తోకచుక్కను అదే నెలలో పట్టారు.

ఇది చూశాక పండితులకు ధైర్యం వచ్చింది. 1887 ఏప్రిల్‌లో పారిస్‌లో పెద్ద సభ కూడింది. జాన్సెన్ కూడా అందులో ఉన్నారు. ఆకాశాన్నంతటినీ పలకల మీదికి ఎక్కించాలని, ఒక్కో దేశపు వేధశాల ఒక్కో పట్టీ తీసుకోవాలని తీర్మానించారు. పటం కోసం తీసే పలకలు చాలావాటికి మూడుసార్లు ఎక్స్‌పోజరు ఇచ్చేవారు. అంటే ఒక్క పలకకు చాలాసేపు, దిగే బరువు, అలసిన కన్ను. ఈ పనిలో శ్రీసభ కూడా చేరింది. 13వ సింహరాయ పోపుగారు 1891లో వాటికన్ వేధశాలను పునరుద్ధరించి ఉత్తరపు ఆకాశంలో ఒక పట్టీ తీసుకున్నారు. పలకలు తీయడం ఒక ఎత్తయితే, వాటి మీది ఒక్కో చుక్క స్థానాన్ని కొలవడం మరో ఎత్తు. 1910 నుండి 1921 వరకు ఆ పని చేసినది నలుగురు కన్యాస్త్రీలు. సిస్టర్ ఎమీలియా పొంజోని, సిస్టర్ రెజీనా కొలొంబో, సిస్టర్ కొంచెత్తా ఫినార్ది, సిస్టర్ లుయీజా పాంచేరి. సూక్ష్మదర్శినిలో చూసి చెప్పేవారు ఒకరు, రాసుకునేవారు మరొకరు. 4,81,215 నక్షత్రాలు. చాలాకాలం వారిని నక్షత్రాలు లెక్కపెట్టిన సిస్టర్లు అనే తప్ప పేర్లతో ఎవరూ చెప్పలేదు. 2016లోనే పేర్లు బయటకు వచ్చాయి. అందుకే ఇక్కడ నలుగురివీ పూర్తిగా రాశాను.

మన పక్కనే హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా వేధశాల కూడా ఈ బృహత్తర కార్యంలో పాలుపంచుకుంది. దక్షిణం వైపు 17 నుండి 23 డిగ్రీల నడుమ ఉన్న ఆకాశపు పట్టీని 1914 నుండి అక్కడ పలకల మీద తీశారు. ఆ తరువాత ఉత్తరాన మరో పట్టీ కూడా తీసుకున్నారు. దక్కను రాత్రులలో ఆ కెమెరా దగ్గర కూర్చున్న ఉద్యోగుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. సిస్టర్ల పేర్లు బయటికి రావడానికి పట్టిన కాలం చూస్తే, వారివీ ఎప్పుడో రాకపోవనుకుంటాను.

జాన్సెన్ కథకు తిరిగి వస్తే, మ్యూడోన్‌లో హాయిగా కూర్చునే వయసులో ఆయనకు కొండ పిచ్చి పట్టుకుంది. సూర్యునిలో ఆక్సిజన్ ఉన్నట్టు కనిపించే గీతలు నిజంగా సూర్యుడివా, మన గాలివా తేల్చాలి. గాలి పలచగా ఉండే చోటికి వెళ్ళాలి. అంటే మంచుకొండ మోంబ్లాం. కుంటికాలుతో ఎక్కలేరు. 1888లో నిచ్చెన వంటి కుర్చీలో కూర్చోబెట్టి కొండవాళ్ళు భుజాల మీద మోసుకెళ్ళారు. 1890లో మంచుబండి మీద తాళ్ళతో లాగారు. 1893లో కొండ శిఖరం మీద, రాతి పునాది దొరకక గట్టిపడ్డ మంచు మీదనే, వేధశాల కట్టించారు. 69 ఏళ్ళ వయసులో మళ్ళీ అలాగే పైకి చేరారు. ఆక్సిజన్ గీతలు మన గాలివేనని ఆ ప్రయాణాల వల్ల నిర్ధారణ చేసుకున్నారు.

ఆ శిఖరం మీద చలికాలంలో మనిషి ఉండలేడు. అందుకని గాలి, చలి, పీడనం తనంతట తాను రాసుకునే యంత్రమొకటి చేయించి పెట్టారు. అది ఎనిమిది నెలలపాటు ఎవరూ ముట్టుకోకుండా నడవాలి. దాన్ని నడపడానికి దాదాపు 90 కిలోల బరువును వేలాడదీసి, అది ఎనిమిది నెలల్లో అయిదారు మీటర్లు దిగేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడు రాత్రికొక బ్యాటరీ చాలడం లేదని విసుక్కునే కుర్రవాడికి ఈ లెక్క ఒకసారి చెప్పండి.

ఇక ఆ రివాల్వరు సంగతి. బొమ్మ వెంట బొమ్మ తీసే ఆ ఉపాయాన్ని చూసి, ఎగిరే పక్షుల కదలికలు పట్టడానికి మారే అనే ఫ్రెంచి పండితుడు 1882లో ఫోటో తుపాకి చేశాడు. మరో 13 ఏళ్ళకు లూమియేర్ సోదరులు కదిలే బొమ్మల యంత్రం తయారుచేశారు. 1895 జూన్‌లో లియోన్ దగ్గర ఫోటోగ్రాఫర్ల సభ జరిగింది. వచ్చిన ప్రతినిధుల్లో జాన్సెన్ కూడా ఉన్నారు. 71 ఏళ్ళు. స్నేహితునితో మాట్లాడుతూ నిలబడిన ఆయనను లూమియేర్ తన యంత్రంతో పట్టి, ఆ సభలోనే అందరికీ చూపించాడు. ఆ యంత్రానికి స్ప్రింగు లేదు, బరువు లేదు. పక్కన నిలబడ్డ మనిషి చేత్తో పిడి తిప్పుతుంటే నడిచేది.

జాన్సెన్ 1907 డిసెంబరు 23న మ్యూడోన్‌లో మరణించారు. మోంబ్లాం మీది వేధశాల ఏడాదికేడాది మంచులో కుంగిపోతూ ఉండగా 1909లో దాన్ని విడిచిపెట్టేశారు.